ఎండుగడ్డి మీద పడవ

కిందటి నెలలో నా పాత విద్యార్థి ఒకడు, కృష్ణ ఒడ్డున తాను నడుపుతున్న పడవల మరమ్మతు షెడ్డు చూడవలసిందేనని పట్టుబట్టి తీసుకువెళ్ళాడు. మేము వెళ్ళేసరికి ఒక షికారు పడవ చక్రాల ట్రైలరు మీద వచ్చి నిలిచి ఉంది. అడుగుభాగం గీకి రంగు వెయ్యాలి గనుక దానిని ట్రైలరు మీదనుంచి పైకి లేపుతున్నారు. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి వెడల్పాటి పట్టీలు కిందుగా చుట్టి, క్రేనుకు తగిలించి, బెత్తెడెత్తు లేపి ఆపారు. బరువు రెండు వైపులా సమంగా ఉన్నదో లేదో చూసుకున్నారు. మళ్ళీ కొంచెం లేపారు. ట్రైలరు పక్కకు తప్పుకున్నాక దిమ్మెలు పేర్చి, వాటి మీద గరుకు రబ్బరు పరచి, పక్కల ఇనప ఊతలు బిగించి, అప్పుడు దించారు. ఆ మధ్యలో టీ పళ్ళెం పట్టుకున్న మనిషి ఒకడు అడ్డదారిన పడవ కిందనుంచి రాబోతే ఈల మోగింది. పని మొత్తం ఆగిపోయింది. "కింద మనిషుంటే పని ఆగాల్సిందే మాస్టారూ. ఇక్కడ అదే మొదటి రూలు" అన్నాడు నా శిష్యుడు, నా మెప్పు కోసం ఎదురుచూస్తూ. చాలా బాగుందని అన్నాను. అంతలో ఎవరో ఒక నూనె డబ్బా మూత తీశారు. ఆ వాసన ఏ నూనెదో నేను అడగలేదు. బయటికి వచ్చి గోడవార కూర్చున్నాను. ఎండ తగిలిందనుకొని అతడు కొబ్బరినీళ్ళు తెప్పించాడు. అది ఎండ కాదనీ, మా అమ్మ మీదికి ఒకప్పుడు ఇలాంటి పడవే ఒరిగిందనీ, ఆ రోజున ఈల వేసే నాథుడు లేడనీ చెప్పాలనిపించింది. అంత చిన్నబోయిన ముఖంతో ఎదురుచూస్తున్నవాడికి అది చెప్పడం మర్యాద కాదనిపించి ఊరుకున్నాను.

నా వయసువాళ్ళు నలుగురు కలిస్తే ఆ రోజులను గురించి ఎలా మాట్లాడుకుంటారో నాకు తెలుసు. నూజివీడు తోటల్లో పండిన చిన్నరసాలు, గడ్డిలో మగ్గిన పళ్ళ వాసన, తోట కాపలా గుడిసెలు, కామందుల చేతి చలువ. ఈ మాటలు వింటూ నేను చాలా సభల్లో తల వంచుకొని కూర్చున్నాను. మగ్గిన పళ్ళ వాసన నాకూ గుర్తే. అయితే ఆ వాసనతోపాటు కుళ్ళిన పళ్ళ గుట్ట మీద ముసిరే ఈగలూ, మా అమ్మ ముంజేతుల మీద మామిడి సొన కారి నల్లగా కాలిన మచ్చలూ, దోసిలి పడితే ఎత్తునుంచి నీళ్ళు పోసి పక్కకు తిరిగిపోయే కామందుల ఇంటావిడ చూపూ గుర్తున్నాయి. ఒకటి గుర్తుంచుకొని తక్కినవి మరచిపోవడం నాకు చేతకాలేదు. మా కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేను. చదువు నాకు చాలా ఇచ్చింది గాని, ఆ వాసనలను విడదీసే విద్య మాత్రం ఇవ్వలేదు.

మాది ఆగిరిపల్లి దగ్గర చిన్న పల్లె. నాన్న ఒక పెద్ద కామందుగారి దగ్గర పాలేరు. అమ్మ అదే తోటలో కాయలు ఏరి, సైజులవారీగా వేరుచేసి, గంపల్లో గడ్డి పరచి సర్దే పని చేసేది. ఆ పనిలో ఆమెకు పేరుండేది. కాయను కాయకు తగలనివ్వకుండా, గడ్డి పొర మీద పొరగా, తొడిమె కిందికి పెట్టి ఆమె సర్దిన గంపను బెజవాడ దాకా బండి మీద తీసుకువెళ్ళినా ఒక్క కాయ కమిలేది కాదు. నాయనమ్మ మాతోనే ఉండేది. ఆమె పొద్దున్న లేవగానే చుట్ట నోట్లో పెట్టుకొని కోడలిని తిట్టడంతో దినచర్య మొదలుపెట్టేది. కూరలో ఉప్పు ఎక్కువంటే తిట్టు, తక్కువంటే తిట్టు, సరిపోతే "ఇయ్యాల ఎవరింట్లోంచి తెచ్చావే?" అని ఇంకో తిట్టు. అమ్మ బదులు చెప్పేది కాదు. నాన్న మాట్లాడేది కామందుగారితో మాత్రమే. అదీ ఒక్క మాట. "చిత్తమండి." ఆ మాటను ఆయన తుమ్మినంత అలవాటుగా అనేవాడు. కామందుగారు పిలవకముందే, మంచం మీద కదిలిన చప్పుడుకే అనేవాడు.

ఆ తోటలో రెండు కట్టుబాట్లు ఉండేవి. కాయ నిలిచిన దగ్గరనుంచి కోత పూర్తయ్యేవరకు చెట్టుకు ఇనుము తగలకూడదు. తగిలితే ఉన్న కాయ రాలుతుందనీ, మరుసటి ఏడు చెట్టు కాపు ఎగ్గొడుతుందనీ నమ్మకం. కాయలు కోసే చిక్కాలకు సైతం వెదురు కొక్కేలే కట్టేవారు. రెండవది, పంటకు నీచు తగలకూడదు. చేప ముట్టుకున్న చెయ్యి కాయను ముట్టుకోరాదు. ఆ చెయ్యి పడితే పండు లోపల నల్లబడుతుందనేవారు. కామందుగారి ఇంట్లో చేపల పులుసు వండని వారం ఉండేది కాదు. ఆ చేతులకు ఈ నియమం ఎందుకు వర్తించదని నేను చిన్నప్పుడు నాయనమ్మను అడిగాను. "ఆయన కాయని ముట్టుకోడుగా, పండునేగా ముట్టుకునేది" అన్నది ఆమె, చుట్ట తియ్యకుండానే.

కామందుగారికి మెరక మీద తోటలూ, కింద ఏలూరు కాలువ పక్కన మాగాణీ ఉండేవి. కాలువ దాటి ధాన్యం, గడ్డి చేరవెయ్యడానికి అక్కడ ఒక చిన్న టేకుపడవ ఉండేది. వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేసినప్పుడు పడవలవాళ్ళందరూ అక్కడే గట్టు మీద మరమ్మతులు చేసుకునేవారు. కామందుగారికి అది నచ్చలేదు. ఆ సంవత్సరమే ఆయన మా చుట్టుపక్కల మొదటి ట్రాక్టరు కొన్నారు. దాని వెనక తగిలించే ట్రక్కు మీద ఏమేమి ఎక్కించవచ్చునో లోకానికి చూపించాలన్న తహతహ ఆయనకు ఉండేది. పెళ్ళివారిని ఎక్కించారు, ఎరువు ఎక్కించారు, గేదెను ఎక్కించారు. ఇక పడవ మిగిలింది. కాలువ బురదలోనుంచి దానిని ఎక్కించుకొని మైళ్ళ దూరం మెట్ట మీదికి, మామిడితోటలోకి తెప్పించారు. దారిపొడుగునా జనం నిలబడి చూశారట. నీళ్ళలో ఉండవలసిన వస్తువు మామిడిచెట్ల మధ్యకు ఊరేగి వచ్చిన రోజున నేను పి.యు.సి. పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. నేనూ చూశాను. చూడగానే రోత పుట్టింది. అడుగున ఆకుపచ్చ పాచి ఎండి పెచ్చులు కట్టి ఉంది. నత్తగుల్లలు అంటుకొని చచ్చి ఉన్నాయి. లోపల చెక్కల సందున మురుగునీరూ, అందులో ఉబ్బిన ఎలుకా. దాని చుట్టూ నడుస్తూ కామందుగారు తాంబూలం ఉమ్మి, పెళ్ళికూతుర్ని తెచ్చినంత సంబరంగా, "ఎట్టా ఉంది?" అని అందర్నీ అడిగారు. అందరూ బాగుందన్నారు.

మరమ్మతుకు కైకలూరు వైపునుంచి ఒక మేస్త్రీ వచ్చాడు. సగం పగలు కల్లు మీద, సగం పగలు తన గొప్పల మీద గడిపేవాడు. రైసుమిల్లునుంచి గొలుసు కప్పి ఒకటి అరువు తెచ్చాడు. బాగా ముదిరిన రసం చెట్టు ఒకటి చూసి, మనిషి నడుమంత లావున్న కొమ్మ కిందికి ట్రక్కును తోలించాడు.

"ఈ కొమ్మకి కప్పి తగిలించి, ముందొక మోకు, ఎనకొక మోకు ఏత్తే, ఉయ్యాల్లోంచి పిల్లని తీసినట్టు తీత్తానండి" అన్నాడు.

కామందుగారు చెట్టు కింద నవారు మంచం మీద కూర్చొని రసం పిండుకుంటున్నారు. రసం మోచేతి దాకా కారుతోంది. టెంక విసిరేసి, "కాయ మీదున్న చెట్టుకి ఇనప గొలుసేస్తావా? మతుండే మాట్లాడుతున్నావా?" అన్నారు.

"గోనెలు చుట్టి కడతానండి. చెట్టుకి తగలదు."

"తగలక్కర్లా. దగ్గరికొస్తే చాలు. వచ్చే ఏడు కాపు నువ్వు కాస్తావా?"

"మరెట్టాగండీ?"

"ఎట్టాగేంటి? మనుషులు లేరా?"

ఆ ప్రశ్నను ఆయన కోపంగా అడగలేదు. సాయంత్రానికి పాలు ఉన్నాయా అని అడిగినట్టు అడిగారు. నా జీవితంలో నేను విన్న మాటల్లో ఇంతకన్న రోత కలిగించినది మరొకటి లేదు. ఆ పక్కన నిలబడ్డ మనుషులు, లేరేమోనన్న అనుమానం ఆయనకు కలగకూడదన్నట్టు, వెంటనే ముందుకు జరిగారు. మేస్త్రీ ఒక్క క్షణం కొమ్మవంక చూశాడు. "పడవ తమరిదీ, మనుషులూ తమరివాళ్ళే. నాదేం పోయింది" అని కల్లుముంత దగ్గరికి పోయాడు.

పొడవాటి సరుగుడు కర్రల బాదులు పడవ కిందుగా అడ్డంగా దూర్చి, ఇరువైపులా మనుషులు భుజాలు ఆనించారు. ట్రక్కు ఎత్తు మీదనుంచి బరువు భుజాల మీదికి రాగానే ట్రాక్టరు ముందుకు లాగి ట్రక్కును తప్పించాలి. అప్పుడు మెల్లగా మోకాళ్ళు వంచి పడవను దుంగల మీదికి దించాలి. నేనూ ఒక బాదు కింద భుజం పెట్టాను. నా వెనక కోటయ్య మామ ఉన్నాడు. మా వాడలో అందర్నీ ఏడిపించే మనిషి.

"ఏరా కాలేజీ, భుజం నొప్పెడతందా?"

"లేదు మామా."

"నొప్పెడితే ఇంగిలీషులో మూలుగు. మేవెప్పుడూ ఇనలా."

అంతటి బరువు కింద కూడా అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఇష్టమైనదే. నేను అసహ్యించుకున్నది ఆ నవ్వు చూసి కామందుగారు మంచం మీదనుంచి, "నవ్వులొస్తున్నాయంటే బరువు లేనట్టేరా" అన్న మాటను. ట్రక్కు కదిలింది. కాసేపు ఆ పడవ గాలిలో, మా మెడల మీద నిలబడింది. చచ్చిన నత్తల నీరు నా చెవి పక్కనుంచి కారింది.

దుంగలు మామిడివే. మొండి చెట్లను కొట్టినవి. వాటి మీద పడవను దించబోతుండగా కామందుగారు చెయ్యెత్తి ఆపారు. "ఆగండాగండి. ఉత్త మొద్దుల మీద పెడతారేంట్రా? చెక్క కమిలిపోదూ? గడ్డి పరవండి కింద." ఈ మాట విని ఆ బరువు మోస్తున్నవాళ్ళలో ఒక్కరికి కూడా ఇది తప్పనిపించలేదు. అనిపించదు. మా బతుకంతా గడ్డిలోనే గడిచింది. మెత్తగా చూసుకోవలసినది ఏదైనా సరే, కింద ఎండుగడ్డి పరచాలి. కాయ అయినా, కుండ అయినా, పసిబిడ్డ అయినా. అమ్మ పరుగున వెళ్ళి గడ్డి తెచ్చింది. గంపలో పరచినంత శ్రద్ధగా, పోచలన్నీ ఒక వరసన వచ్చేటట్టు, దుంగల మీద దట్టంగా పరచింది. "అదీ పనంటే" అన్నారు కామందుగారు. నిగనిగలాడే వరిగడ్డి మీద అంత బరువు పెడితే అది మెత్తగా పట్టి ఉంచదనీ, పోచ మీద పోచ జారుతుందనీ ఈ రోజున ఎవరైనా చెబుతారు. కాయ బరువెంత? జారేంత బరువు దేన్నీ మేము గడ్డి మీద పెట్టి ఎరగము. పడవ మెత్తగా కూర్చుంది. పక్కల ఒరగకుండా, కాయల బరువుకు వాలిన కొమ్మలకు పెట్టే వెదురు ఊతకర్రలే నాలుగు తెచ్చి ఆనించారు.

తరువాత వారం గీకడం, సందుల్లో పీచు కుక్కి గుగ్గిలం పొయ్యడం. అవి మేస్త్రీ, అతని మనిషి బయటి పక్కలనుంచి చేశారు. మిగిలింది అడుగున చేపనూనె పట్టించడం. ఆ డబ్బా బందరునుంచి వచ్చింది. మూత తీస్తే ఊరికుక్కలన్నీ కంచె దగ్గర చేరాయి. చచ్చిన చేపల కాలేయాలను ఎండలో కరిగించి తీసిన ఆ నూనె వాసనను వర్ణించడానికి నాకు చదువు చెప్పిన భాష ఏదీ చాలదు. అది ముక్కుకు కాదు, నాలుక వెనక తగులుతుంది. కోత సాగుతున్న రోజులు గనుక ఆ నూనెను ఎవరు ముట్టుకుంటే వాళ్ళు ఇక ఆ ఏటికి కాయ ముట్టుకోవడానికి వీల్లేదు. నీచు కట్టుబాటు. అందుచేత చెడిపోయే చేతులు ఒక జత మాత్రమే ఉండాలని కామందుగారు నిర్ణయించారు. అందులోనూ కోతకు ఎక్కే మగవాడు కాకూడదు. పడవ కింద దూరగలిగే సన్నటి మనిషై ఉండాలి. గొణగని మనిషై ఉండాలి. ఆయన చూపు అమ్మ దగ్గర ఆగింది.

నేను ముందుకు వెళ్ళి, "నేను దూరతానండి. నాకెటూ తోటలో పని లేదు" అన్నాను.

ఆయన ఏదో అనేలోపలే అమ్మ నా చెయ్యి పట్టి పక్కకు లాగింది. "పుస్తకాలు పట్టుకునే చేతులు. ఆ కంపు పట్టిందంటే మీ కాలేజీలో నీ పక్కన ఎవరన్నా కూకుంటారా? ఊరుకో. నా చేతులకి కొత్తగా అంటేదేవుంది" అన్నది. కొంగు నడుముకు బిగించి, మసిగుడ్డా చిప్పా తీసుకొని, వెల్లకిలా పాక్కుంటూ పడవ కిందికి వెళ్ళిపోయింది.

ఆమె కాళ్ళు మాత్రమే నాకు కనబడేవి. నూనె చుక్కలు చుక్కలుగా ఆమె మీదా, దుంగల మీద పరచిన గడ్డి మీదా కారుతున్నట్టు నాకు వినబడింది. నాయనమ్మ అల్లంత దూరంలో కూర్చొని, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, "ఈ కంపుతో ఇంట్లోకొచ్చావంటే చెప్తా" అని అరుస్తోంది. సగం పని అయింది. అప్పుడు కామందుగారి చూపు పక్క చెట్టు మీద పడింది. ఒక కొమ్మ కాయల బరువుతో నేలకు దిగుతోంది. దాని ఊతకర్ర తెచ్చే కదా పడవకు పెట్టారు.

"ఒరేయ్, ఆ కొమ్మ చూడు, చీలిపోయేట్టుంది. పడవకున్న కర్ర ఒకటి తీసుకెళ్ళి దానికి పెట్టు" అన్నారు నాన్నతో.

నాన్న కదిలి, ఆగాడు. నా ఎరుకలో ఆయన ఆగడం అదే మొదటిసారి. "లోపల మనిషుందండీ" అన్నాడు.

"నాలుగున్నాయిగా. ఒకటి తీస్తే ఏవవుద్ది?"

"చిత్తమండి" అని నాన్న కర్ర తీశాడు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. గడ్డి మీద పాము పాకినట్టు ఒక సన్నటి ఒరిపిడి వినబడింది, అంతే. పడవ తొందరపడకుండా పక్కకు జరిగింది. రెండవ వైపు వెదురు ఒకటి ఫెళ్ళున విరిగింది. ముందువైపు దుంగ మీదనుంచి ముక్కు జారి, వెనకభాగం దుంగకు అడ్డంగా ఒరిగి ఆగింది. అమ్మ అరుపు ఒక్కటే అరుపు. ఆమె ఒళ్ళు నేలకూ పడవకూ మధ్య ఉన్న సందులో మిగిలింది. పట్టు కోసం దుంగ మీద వేసిన కుడిచెయ్యి మాత్రం మిగలలేదు.

అందరం పరుగెత్తి భుజాలు ఆనించాం. నూనె అంటిన చెక్కకు భుజం నిలవలేదు. పట్టుకుంటే జారింది. ఒకవైపు ఎత్తితే రెండోవైపు ఆమె చేతి మీదికి మరింత దిగింది. ఆమె లోపలనుంచి, "ఎత్తద్దు, ఎత్తద్దు" అన్నది. మేస్త్రీ కల్లుమత్తు వదిలి వచ్చి, "కప్పి ఏత్తే తప్ప లేవదు" అన్నాడు. గొలుసు కప్పి అక్కడే, చెట్టు మొదట్లో, గోనె మీద పడి ఉంది. కొమ్మ సరిగ్గా మా తలల మీదనే ఉంది. అప్పుడు అక్కడున్న మనుషులందరూ కామందుగారివంక చూశారు. నాన్న కూడా. ఆయన పైకి, కొమ్మలోకి చూశారు. ఎన్ని కాయలున్నాయో చూస్తున్నారని నాకు అర్థమైంది. లోపల మా అమ్మ ఊపిరి తీస్తున్న చప్పుడు అందరికీ వినబడుతోంది.

నాయనమ్మ చుట్ట ఉమ్మేసి లేచింది. వంగిన నడుముతో వెళ్ళి ఆ గొలుసును రెండు చేతులతో ఈడ్చుకుంటూ వచ్చి మేస్త్రీ కాళ్ళ మీద పడేసింది. "చెట్టు మళ్ళీ కాస్తది. నా కోడలు మళ్ళీ కాస్తదంట్రా? ఎక్కు!" అన్నది. మేస్త్రీ ఇంకా చూస్తున్నాడు. "ఎక్కుతావా, నన్నెక్కమంటావా?" అని ఆమె చీర ఎగ్గట్టింది. అతను ఎక్కాడు. కొమ్మకు గొలుసు పడింది. నేనూ కోటయ్య మామా లాగాము. పడవ అంగుళం అంగుళం చొప్పున, ఉయ్యాలలోనుంచి పిల్లను తీసినట్టే, లేచింది. వారం కిందటే ఇంత తేలికగా జరగవలసిన పని అది. గొలుసు కుదుపుకు కాయలు కొన్ని టపటపా రాలాయి. నాన్నా నాయనమ్మా అమ్మ కాళ్ళు పట్టి బయటికి లాగుతుండగా, కామందుగారు వంగి రాలిన కాయలను ఒక్కొక్కటే ఏరి, కమిలాయో లేదో తిప్పి చూసుకుంటున్నారు. మనిషి ముఖం మీద అంతటి దిగులు నేను చాలా కొద్దిసార్లు చూశాను.

అదే ట్రక్కు మీద అమ్మను నూజివీడు ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. కింద గడ్డి పరచి పడుకోబెట్టారు. అక్కడ ఆమెను బతికించారు, చేతిని మాత్రం ఎవరూ పూర్వంలా చెయ్యలేకపోయారు. రెండు వేళ్ళు తీసేశారు. తక్కినవి ముడుచుకొని ఉండిపోయాయి. వరండాలో మేస్త్రీ బీడీ కాలుస్తూ, "గడ్డి పరిచినప్పుడే అనుకున్నా, జారుద్దని" అన్నాడు. అనుకున్నాడట. ఈ ఒక్క మాటకు నేను అతణ్ణి ఇప్పటికీ క్షమించలేదు. ఆ తరువాత అమ్మ జీవితమంతా ఎడమచేత్తో తిన్నది. పెళ్ళిళ్ళలో, కర్మల్లో ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్ళు విస్తరి కొంచెం దూరం జరుపుకునేవారు. నేను ఉద్యోగస్థుణ్ణయి, బల్ల మీద వడ్డించే ఇళ్ళకు తీసుకువెళ్ళినా జరుపుకునేవారు. ఆమె అది చూసి, నేను చూశానేమోనని నావంక చూసేది.

ఇప్పుడు ఈల వేసి పని ఆపుతున్నారు. మంచిదే. మనుషులు మంచివాళ్ళయి ఆపుతున్నారని నేను అనుకోను. ఆపకపోతే ఎక్కడో ఎవరికో జవాబు చెప్పుకోవలసి వస్తుందని ఆపుతున్నారు. ఆ రోజున మా కామందుగారు జవాబు చెప్పవలసినవాళ్ళు భూమి మీద ఎవరూ లేరు. నాకు అసలైన ఏవగింపు అక్కడ కూడా కాదు. ఆయన గురించి నేను ఏనాడూ పెద్దగా ఆశ్చర్యపడలేదు. ఆసుపత్రినుంచి వచ్చిన మరునాడు జరిగినది మాత్రం నాకు ఈనాటికీ మింగుడుపడలేదు.

పొద్దున్నే మా వాడ పెద్దలు నలుగురు వచ్చారు. కాయ మీదున్న చెట్టుకు గొలుసు వేశాం గనుక తప్పు మనదేననీ, వెళ్ళి క్షమాపణ అడగాలనీ అన్నారు. నాన్న అప్పటికే తలపాగా చుట్టుకొని ఉన్నాడు. నాయనమ్మ, "నేన్రాను. నేనేసిందే, మళ్ళీ ఏస్తా" అని గోడవైపు తిరిగి పడుకుంది. కనుక ఎవరి కోసం గొలుసు వేశామో ఆ మనిషి రావాలన్నారు. "ఆమెకి జొరం" అన్నాను నేను. "నడవలేందేం కాదుగా" అన్నాడు నాన్న, నావైపు చూడకుండా. అమ్మ లేచి, ఎడమచేత్తో జుట్టు ముడి వేసుకోబోయి, రాక, వదిలేసి నడిచింది. కట్టు కట్టిన కుడిచెయ్యి మెడనుంచి గుడ్డ ఉయ్యాలలో వేలాడుతోంది. నేను పక్కన నడిచాను. దారంతా ఆమె దగ్గర చేపనూనె, అయోడిన్ కలిసిన వాసన వస్తోంది.

కామందుగారు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. మేము వాకిట్లో నిలబడ్డాము. పెద్దలు తప్పయిందన్నారు. నాన్న వంగి నేల ముట్టుకున్నాడు. ఆయన గ్లాసు పక్కన పెట్టి, చెట్టుకు శాంతి చేయించాలనీ, మనుషులు మాట వినడం మానేశారనీ, ఇంకా ఏవేవో అన్నారు. అన్నంతసేపూ ఆయన అమ్మవంక చూడలేదు. చివరికి పెద్దల్లో ఒకాయన, "దణ్ణం పెట్టమ్మా" అన్నాడు. అమ్మ ఎడమచెయ్యి ఎత్తి నుదుటికి ఆనించింది.

కామందుగారి ముఖం ముడుచుకుంది. "ఎడంచేత్తో దణ్ణమేంటే? ఎవరు నేర్పారు నీకు?"

నాన్న కంగారుగా ఆమె మోచెయ్యి దించబోయాడు. ఆమె దించనివ్వలేదు. ఆమె ఆ వాకిట్లో నోరు విప్పడం నేను అంతకుముందు చూడలేదు. గొంతు పెంచలేదు. సర్దిన గంప ఒప్పజెబుతున్నప్పుడు ఎంత మర్యాదగా చెప్పేదో అంత మర్యాదగానే చెప్పింది.

"కుడిచెయ్యి తమరి పడవ కిందే ఉండిపోయిందండి, బాబుగారూ."

కామందుగారు నవ్వారు. "ఓసి దీని తెలివి!" అన్నారు. ఆయన నవ్వారు గనుక పెద్దలు నవ్వారు. మా నాన్న కూడా నవ్వాడు. అమ్మ మాత్రం ఎత్తిన చెయ్యి దించకుండా, వాళ్ళ నవ్వు అయిపోయేవరకు అలాగే నిలబడింది.